పట్నం బ్లీచింగ్ సంచిలో ఘాటు ఎంత?

సికింద్రాబాద్ (గ్రామీణ విలేకరి) : పెళ్ళి బట్టలకు, బంగారానికి జనరల్ బజారు. కూరగాయలకు మోండా మార్కెట్. మోటార్లకు, పైపులకు రాణీగంజ్. మన పల్లెల వారికి సికింద్రాబాద్ అంటే ఏళ్ళ తరబడి తెలిసింది ఇంతే. కొన్నేళ్ళుగా ఈ జాబితాలో మరో సరుకు చేరింది. ఫినాయిల్ డబ్బాలు, బ్లీచింగ్ పౌడర్ సంచులు, చీపుళ్ళు, గమ్ బూట్లు, మందు కొట్టే పంపులు కొనడానికి సిద్దిపేట, మెదక్, భువనగిరి వైపు గ్రామాల వారు పొద్దున్నే బస్సెక్కి, రైలెక్కి వస్తున్నారు. గ్రామ పంచాయితీల సిబ్బంది, బడి పంతుళ్ళు, ఫంక్షన్ హాళ్ళ వారు, రోడ్డు పక్క హోటళ్ళ వారు, కోళ్ళ ఫారాల యజమానులు, పాల కేంద్రాల వారు వీరిలో వుంటున్నారు.

గుడ్డ కొనేవాడు వేళ్ళతో నలిపి చూస్తాడు. వంకాయ కొనేవాడు పుచ్చు వుందేమోనని తిప్పి చూస్తాడు. కానీ ఫినాయిల్ కొనేవాడు డబ్బా మీది బొమ్మ చూసి డబ్బిచ్చి వస్తున్నాడు. ఈ సరుకులో మోసపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు. వూరి నీళ్ళ ట్యాంకులో వేసే పొడి ఇది. పసిపిల్లలు తిరిగే బడి గచ్చు మీద పోసే మందు ఇది. అందుకే ఈ సరుకు కొనే తీరు గురించి నాలుగు మాటలు చెప్పుకోవలసి వుంది.

ఒకప్పుడు పట్నంతో పని లేదు

పూర్వం శుభ్రతకు కావలసిన వస్తువులన్నీ వూళ్ళోనే దొరికేవి. వాకిట్లో చల్లడానికి పేడ నీళ్ళు, అంట్లకు బూడిద, తలకు, బట్టలకు కుంకుడుకాయ, గోడలకు సున్నం, వూడ్వడానికి ఈత కమ్మల పొరక. కలరా వచ్చిన రోజుల్లో మాత్రం సర్కారు వారు బావుల్లో బ్లీచింగ్ కలిపించేవారు. తరువాత సిమెంటు ఇళ్ళు వచ్చాయి. గచ్చు పోయి టైల్స్ వచ్చాయి. ఇంటింటికీ మరుగుదొడ్డి, వీధి వీధికీ మురికి కాలువ వచ్చాయి. 2019 సెప్టెంబరులో తెలంగాణలో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలైంది. పంచాయితీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు, ట్యాంకర్లు వచ్చాయి. శుభ్రత అనేది వూరికి నెల నెలా ఖర్చు పెట్టవలసిన పద్దుగా మారింది. పద్దు వున్న చోటికి సరుకు వస్తుంది. సరుకు వచ్చిన చోటికి కల్తీ కూడా వస్తుంది.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ సరుకుకు ఎంత గిరాకీ పెరిగిందో అందరికీ గుర్తుంది. ప్రతి గ్రామంలోనూ ట్రాక్టర్లతో, వీపు పంపులతో సోడియం హైపోక్లోరైట్ ద్రావణం కొట్టారు. అది అసలైన సరుకో కాదో చూసే తీరిక ఆ రోజుల్లో ఎవరికీ లేకపోయింది.

ఎక్కడ ఏం దొరుకుతుంది?

నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ ఏర్పడింది. ఆంగ్లేయుల పటాలాల కోసం పెరిగిన వూరు కనుక మొదటి నుంచీ ఇక్కడ బజార్లు ఎక్కువ. జేమ్స్ స్ట్రీట్ నేడు మహాత్మా గాంధీ రోడ్డు. కింగ్స్‌వే నేడు రాష్ట్రపతి రోడ్డు. ఈ రోడ్ల పక్క సందుల్లో నేటికీ టోకు వ్యాపారం నడుస్తూ వుంది. రాణీగంజ్ వైపు పంపులు, పైపులు, ఇనుప సామాను, యంత్రాలు, రబ్బరు బూట్లు, చేతి తొడుగుల వంటివి దొరుకుతాయి. చీపుళ్ళు, బకెట్లు, ప్లాస్టిక్ సామాను కావలసినవారు మోండా మార్కెట్ చుట్టుపక్కల చూస్తారు. ఇంకా పెద్ద ఎత్తున కావాలంటే మూసీ వైపు బేగంబజారుకు వెళతారు. కరీంనగర్, సిద్దిపేట, మెదక్ బస్సులకు జూబ్లీ బస్టాండు దగ్గర. భువనగిరి, ఆలేరు, జనగామ వారికి రైలు దిగితే సికింద్రాబాద్ స్టేషనే. ఆదివారం టోకు దుకాణాలు చాలా వరకు మూసి వుంటాయి గనుక ఆ రోజు వచ్చి ఉత్త చేతులతో వెళ్ళవద్దు.

సంచి విప్పితే వాసన లేదు

కొన్నేళ్ళ కిందట జరిగిన ఒక సంగతి చెప్పాలి. వానలు పడే ముందు మా వూరి పంచాయితీ కోసం సరుకు కొనడానికి ఇద్దరు మనుషులు పట్నం బయలుదేరితే, నేనూ వేరే పని మీద వెళుతూ వారి వెంట వచ్చాను. ఒక దుకాణంలో బ్లీచింగ్ సంచి ధర మిగతా చోట్ల కంటే బాగా తక్కువ చెప్పారు. సంచి మీద కంపెనీ పేరు లేదు. తయారైన నెల లేదు. కాగితం ముక్క మీద లెక్క రాసి ఇచ్చారు. మంచి బేరం తగిలిందని సంతోషంగా తిరిగి వచ్చాం.

వూరికి వచ్చి సంచి విప్పితే పొడి గడ్డలు కట్టి వుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నా ఘాటు లేదు. అయినా తెచ్చిన సరుకు పారబోయలేక ట్యాంకులో వేశారు. మూడో నాడు ఆరోగ్య కార్యకర్త వచ్చి కుళాయి నీళ్ళు గాజు గొట్టంలో పట్టి మందు చుక్కలు వేసింది. నీళ్ళు పసుపు రంగుకు తిరగలేదు. అంటే క్లోరిన్ ఏమీ లేదన్న మాట. మూడు రోజులు వూరంతా మందు వేశామన్న ధైర్యంతో వుత్త నీళ్ళు తాగింది. ఎవరికీ వాంతులు, విరేచనాలు పట్టుకోకపోవడం మా అదృష్టం. దుకాణానికి మళ్ళీ వెళితే, మా సరుకే అని రుజువేమిటి, బిల్లు చూపండి అన్నారు. చూపడానికి మా దగ్గర కాగితం ముక్క తప్ప ఏమీ లేదు. తప్పు ఆ దుకాణంది ఎంతో, వూరూ పేరూ లేని సంచి కొన్న మాదీ అంతే.

బ్లీచింగ్ సంచిలోనే చస్తుంది

బ్లీచింగ్ పౌడర్ అంటే సున్నానికి క్లోరిన్ పట్టించి తయారు చేసిన పొడి. కొత్త సరుకులో సుమారు 33 శాతం దాకా పనికి వచ్చే క్లోరిన్ వుంటుంది. క్రిములను చంపేది ఈ క్లోరినే. గాలి, వెలుతురు, తేమ తగిలితే ఇది మెల్లగా ఎగిరిపోతుంది. చివరకు మిగిలేది సున్నం వంటి తెల్ల పొడి మాత్రమే. చూడడానికి రెండూ ఒకే రకం. అందుకే ఈ సరుకు కొనేటప్పుడు కన్ను కంటే ముక్కుకు పని ఎక్కువ. మంచి పొడి పొడిపొడిగా, గడ్డ కట్టకుండా వుంటుంది. సంచి మూతి విప్పగానే ఘాటు కొడుతుంది. ముక్కు మాత్రం సంచిలో పెట్టరాదు, దూరం నుంచే చూడాలి.

ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటే ధర తగ్గుతుందని కొందరు లారీ సరుకు దింపించుకుంటారు. పంచాయితీ కార్యాలయం మూలన, చెమ్మ గోడ పక్కన ఆ సంచులు నెలల తరబడి వుంటాయి. చివరి సంచి విప్పే నాటికి అందులో సత్తువ వుండదు. రెండు, మూడు నెలలకు సరిపడా మాత్రమే కొని, చల్లని, పొడి, చీకటి గదిలో, నేల మీద కాక చెక్కల మీద, మూత గట్టిగా వేసి వుంచాలి. ఇనుప డబ్బాల్లో పోస్తే డబ్బా తుప్పు పడుతుంది.

ఎంత వెయ్యాలి?

తేటగా వున్న నీటికి వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కావాలి. ఆ లెక్కన 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల నీరు వున్న గుండ్రటి బావిలో సుమారు 26 వేల 600 లీటర్ల నీరు వుంటుంది కనుక దానికి 65 గ్రాములకు పైచిలుకు. వాన నీరు కలిసి బురదగా వుంటే ఎక్కువ కావాలి.

పొడిని నేరుగా నీటిలో గుమ్మరించడం తప్పు. ముందు బకెట్‌లో వేసి కొద్ది నీటితో జావలాగా కలపాలి. ఒక బకెట్‌కు 100 గ్రాములకు మించరాదు. తరువాత ముప్పావు బకెట్ నీళ్ళు పోసి కలియబెట్టి, పది నిమిషాలు కదపకుండా వుంచాలి. సున్నం అడుగున దిగుతుంది. పైన తేరిన నీటిని మరో బకెట్‌లోకి వంచి, ఆ నీటిని మాత్రమే ట్యాంకులో గానీ బావిలో గానీ కలపాలి. అడుగున మిగిలిన సున్నం వేస్తే నీరు గట్టిపడుతుంది. కలిపిన తరువాత కనీసం గంట సేపు ఆ నీరు వాడరాదు. గంట తరువాత పరీక్షలో లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ కనిపించాలి. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెతో వూళ్ళోనే ఈ పరీక్ష చేయవచ్చు. కొత్త సంచి విప్పిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయిస్తే సరుకు మంచిదో చెడ్డదో ఆ రోజే తేలిపోతుంది.

తెల్ల గీతలతో శుభ్రత రాదు

పెద్దలు వూరికి వస్తున్నారంటే చాలు, మురికి కాలువల వెంట, చెత్త కుప్పల చుట్టూ బ్లీచింగ్‌తో తెల్ల గీతలు గీయడం ఆనవాయితీ అయింది. మట్టి, మురికి, కుళ్ళిన పదార్థం తగలగానే క్లోరిన్ వాటి మీదే ఖర్చయి పోతుంది. 2020 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీధుల్లో మందు కొట్టడం వల్ల ప్రయోజనం లేదనీ, మనుషుల మీద కొట్టడం ప్రమాదమనీ చెప్పింది. ముందు పూడిక తీసి, కడిగి, ఆ తరువాత వేస్తేనే మందు పని చేస్తుంది.

దోమల సంగతీ అంతే. మలేరియా దోమ ద్వారా వస్తుందన్న రహస్యం తేలింది ఈ సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఇక్కడ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దోమ పుట్టేది నిలిచిన నీటిలో. ఆ నీటిని పారబోయడానికి, గుంట పూడ్చడానికి కావలసింది పార, తట్ట. గట్టు మీద చల్లిన బ్లీచింగ్ కాదు.

ఫినాయిల్ తెల్లబడితే చాలదు

గ్లాసు నీటిలో నల్ల ఫినాయిల్ రెండు చుక్కలు వేస్తే పాలలాగా తెల్లబడాలి. నూనె తేలినా, నల్లటి చారలు అడుగున దిగినా ఆ సరుకు పనికిరాదు. అయితే తెల్లబడిన ప్రతిదీ మంచిదని అనుకోరాదు. సబ్బు పదార్థం, కాస్త వాసన నూనె కలిపినా నీరు తెల్లబడుతుంది. క్రిములను చంపే సత్తువ ఎంత అన్నది కంటికి కనిపించేది కాదు. దాన్ని కొలిచి తరగతులుగా విభజించి, ఐ.ఎస్. 1061 అనే ప్రమాణం పెట్టారు. బ్లీచింగ్ పౌడర్‌కు వున్న ప్రమాణం ఐ.ఎస్. 1065. ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పైన ప్రమాణం నెంబరు, కింద లైసెన్సు నెంబరు వున్నాయా అని చూడాలి. ఆ లైసెన్సు నెంబరు నిజమో కాదో బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోన్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. వట్టి గుర్తు ముద్రించుకోవడం ఎవరికైనా సులువే.

ధర పోల్చేటప్పుడు డబ్బా ధర చూడవద్దు. బకెట్ ధర చూడాలి. ఒక రకం బకెట్ నీటికి అర గ్లాసు చాలితే, మరొకటి రెండు గ్లాసులు పోయవలసి వస్తే, రెండోది సగం ధరకు ఇచ్చినా మనకే నష్టం.

యాసిడ్‌తో చెలగాటం వద్దు

మరుగుదొడ్లు కడగడానికి యాసిడ్ సీసాలు వాడేవారు ఒక్క సంగతి మరువరాదు. యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకేసారి పోస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్లు శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. తలుపు మూసిన మరుగుదొడ్డిలో అది పుడితే కడిగే మనిషి ఊపిరి ఆగిపోగలదు. ముందు ఒకటి వేసి, బాగా నీళ్ళు పోసి కడిగిన తరువాతనే మరొకటి వాడాలి. మూత్రశాలల్లో సైతం ముందు నీళ్ళు కొట్టిన తరువాతనే బ్లీచింగ్ వెయ్యాలి.

యాసిడ్ అమ్మకం మీద 2013 జులై 18న సుప్రీం కోర్టు ఆంక్షలు పెట్టింది. కొనేవారి గుర్తింపు కార్డు చూసి, చిరునామా, ఏ పనికో రిజిస్టరులో రాసుకున్న తరువాతనే అమ్మాలి. 18 ఏళ్ళ లోపు వారికి అమ్మరాదు. ఏ వివరమూ అడగకుండా సీసా చేతిలో పెట్టే దుకాణానికి దూరంగా వుండడం మేలు.

యాసిడ్, ఫినాయిల్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి వుంచే అలవాటు మన ఇళ్ళల్లో చాలా వుంది. దాహానికి పిల్లలు అదే ఎత్తి తాగుతారు. అటువంటి ఆపద వస్తే వాంతి చేయించరాదు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ సీసా సహా ఆసుపత్రికి చేర్చాలి.

యంత్రం కొనే ముందు

ఫంక్షన్ హాళ్ళు, ఆసుపత్రులు, పెట్రోలు బంకుల వారు నీటిని జోరుగా చిమ్మే యంత్రాలు, దుమ్ము పీల్చే యంత్రాలు, గచ్చు రుద్దే యంత్రాలు కొంటున్నారు. ఇక్కడే దగ్గరి దుకాణం విలువ తెలుస్తుంది. ఎక్కడో దూరం నుంచి చవకగా తెప్పించిన యంత్రానికి గొట్టం పగిలినా, బ్రష్ అరిగినా, రబ్బరు వాషర్ పోయినా ఇక్కడ విడి భాగం దొరకదు. అయిదారు నెలల్లో అది మూలన పడుతుంది. కొనే ముందు యంత్రాన్ని అక్కడే నడిపించి చూపమనాలి. మన వూరి సింగిల్ ఫేజ్ కరెంటు సరిపోతుందా, విడి భాగాలు ఎక్కడ దొరుకుతాయి, మరమ్మతు చేసే మనిషి ఎవరు అని అడగాలి. గ్యారంటీ కార్డు మీద తేదీ, దుకాణం ముద్ర వేయించుకోవాలి.

పురుగు మందు కొట్టిన వీపు పంపుతోనే బడి గదుల్లో హైపోక్లోరైట్ కొట్టడం చాలా చోట్ల చూస్తున్నాం. ఇది ప్రమాదం. ఈ పనికి వేరే పంపు, అదీ ప్లాస్టిక్‌ది వుంచుకోవాలి. పని అయిన వెంటనే మంచి నీళ్ళతో కడగకపోతే ఇత్తడి, ఇనుప భాగాలను క్లోరిన్ తినేస్తుంది.

సరుకు జాబితాలో ఎప్పుడూ చివరకు జరిగిపోయేవి సఫాయి కార్మికుల చేతి తొడుగులు, గమ్ బూట్లు, ముఖానికి కట్టు. బడ్జెట్ చాలకపోతే ముందు కొట్టివేసేదీ వాటినే. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు గుంటల్లో చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీం కోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఒక జత బూట్ల ఖర్చును ఒక ప్రాణంతో పోల్చి చూసుకోవాలి.

పొరక మన వూరిదే

అన్నీ పట్నం నుంచే తేవలసిన పని కూడా లేదు. ఈత కమ్మల పొరకలు, బుట్టలు కట్టే ఎరుకల కుటుంబాలు మన పల్లెల్లో ఇంకా వున్నాయి. వీధులు వూడ్వడానికి ప్లాస్టిక్ చీపురు కంటే ఈత పొరక, కొబ్బరి ఈనెల చీపురు గట్టివి. ఇంట్లోకి వాడే కొండ చీపురు విశాఖ మన్యం కొండల నుంచి వస్తుంది. గిరిజనుల దగ్గర ఇటువంటి అటవీ సరుకు కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చాలా మండలాల్లో మహిళా సంఘాల వారు ఫినాయిల్, సబ్బులు తయారు చేస్తున్నారు. వారి సరుకు తప్పకుండా కొనాలి. అయితే అక్క చెల్లెళ్ళ సరుకు అయినా తయారైన నెల, వాడే విధం సీసా మీద రాయమని అడగడంలో తప్పు లేదు. అడిగితేనే వారి సరుకు పట్నం సరుకుకు దీటుగా నిలుస్తుంది.

బిల్లు లేనిదే బేరం లేదు

పక్కా బిల్లు అయితే జి.ఎస్.టి. పడుతుంది, కచ్చా అయితే తగ్గిస్తామని దుకాణదారులు అనడం, మనం తల ఊపడం మామూలైంది. ఆ కాస్త తగ్గింపుతో మనం వదులుకునేది అడిగే హక్కును. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, తూకం, గరిష్ట చిల్లర ధర వుండాలని తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదుకు 1915 నెంబరుకు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొన్న సరుకు మీద ఫిర్యాదుకు రుసుము లేదు. వ్యాపారం కోసం కొన్నవారికి ఈ చట్టం సాధారణంగా వర్తించదు. కానీ సొంత కష్టంతో పొట్ట పోసుకోవడానికి చిన్న హోటలు నడిపేవారి వంటివారిని చట్టం వినియోగదారుగానే చూస్తుంది. దేనికైనా ముందు చేతిలో బిల్లు వుండాలి.

వానాకాలం వచ్చిన తరువాత సంచి కోసం పరుగెత్తడం కాక, ముందుగానే రెండు, మూడు గ్రామాలు కలిసి కొంటే టోకు ధర దక్కుతుంది, సరుకూ తాజాగా వుంటుంది. ప్రతి మండలంలోనూ కొత్త సంచులను పరీక్షించే ఏర్పాటు, ప్రతి పంచాయితీకీ ఒక క్లోరోస్కోప్ వుండేలా అధికారులు చూడాలని గ్రామస్థులు కోరుతున్నారు. ఆ ఏర్పాటు జరిగే లోపు మన జాగ్రత్త మనమే పడాలి. పట్నంలో సంచి ఎత్తుకునే ముందు తయారైన నెల చూడండి, బిల్లు అడగండి. వూరికి వచ్చాక నీళ్ళు పరీక్ష చేయించిన తరువాతనే నిశ్చింతగా తాగండి.